వ్యాన్‌లో యూరప్ దీర్ఘయాత్ర: క్లైంబింగ్, స్కీయింగ్ రెండూ కుదిరేలా ప్లాన్ చేసుకోవడం

యూరప్‌లో నెలల తరబడి వ్యాన్‌లో తిరుగుతూ ఎండ ఉన్నచోట రాయి ఎక్కుదాం, మంచు పడ్డచోట స్కీయింగ్ చేద్దాం అనుకునేవాళ్లు ముందుగా చేసే పని మ్యాప్ తెరిచి పిన్నులు గుచ్చడం. నిజానికి అది అన్నిటికన్నా చివర చేయాల్సిన పని. ఇలాంటి యాత్రను నడిపించేవి మూడు లెక్కలు: చట్టం ఇచ్చే రోజులు, బండి మోయగల బరువు, చలి రాత్రికి ఖర్చయ్యే కరెంటూ ఇంధనమూ. ఈ మూడూ తేలాక మిగిలిన ఖాళీలోనే దారి గీసుకోవాలి. వరుస మారిస్తే జనవరిలో ఆల్ప్స్ మధ్య వీసా రోజులు అయిపోయో, హీటర్ ఆగిపోయో ఇరుక్కుపోతారు.

1. రోజుల లెక్క

ఈయూ (యూరోపియన్ యూనియన్) బయటి పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు షెంగెన్ దేశాలన్నీ (తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసిన యూరప్ దేశాలు) కలిపి ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే. ఈ 180 రోజుల కిటికీ రోజూ ముందుకు జరుగుతూ ఉంటుంది. ఈ రోజు నుంచి వెనక్కి 180 రోజులు లెక్కపెట్టి, అందులో లోపల ఉన్న రోజులెన్నో చూస్తారు. వచ్చిన రోజు, వెళ్లిన రోజు రెండూ లెక్కలోకి వస్తాయి. సరిహద్దుల్లో ఇప్పుడు వేలిముద్రలు, ఫొటోతో డిజిటల్ నమోదు జరుగుతోంది కాబట్టి స్టాంపు కనిపించలేదన్న వాదన పనిచేయదు.

ఒక ఉదాహరణ. అక్టోబర్ 1న లోపలికి వచ్చి నవంబర్ 14 వరకు ఉంటే 45 రోజులు. బయటికి వెళ్లి ఫిబ్రవరి 1న తిరిగొచ్చి మార్చి 17 వరకు ఉంటే ఇంకో 45. అంటే కోటా పూర్తి. అయితే మార్చి 30 నాటికి అక్టోబర్ 1 కిటికీలోంచి జారిపోతుంది. ఆ తర్వాత రోజుకో పాత రోజు చొప్పున రాలిపోతూ ఉంటుంది కాబట్టి మార్చి 30న మళ్లీ వచ్చి మే 13 దాకా ఉండవచ్చు. (లీపు సంవత్సరమైతే మళ్లీ లెక్క వేసుకోవాలి.) ఇలా శరదృతువు క్లైంబింగ్, నడి చలికాలం స్కీయింగ్, వసంతంలో స్కీ టూరింగ్ (లిఫ్టు లేకుండా స్కీలతోనే కొండెక్కి దిగడం) మూడూ ఒకే యాత్రలో పడతాయి. ఈయూ వాళ్ల అధికారిక వెబ్‌సైటులో ఈ లెక్క కట్టే కాలిక్యులేటర్ ఉంది. తేదీలు అందులో వేసి చూడకుండా టికెట్లు కొనవద్దు. ఒకట్రెండు రోజులు ఎప్పుడూ మిగుల్చుకోండి. కనుమ మూసేసినా, బండి చెడినా ఆ రోజులే కాపాడతాయి.

వీసా అవసరమైన పాస్‌పోర్టు అయితే మల్టిపుల్ ఎంట్రీ కావాలి. సింగిల్ ఎంట్రీ మీద ఒకసారి బయటికి వెళ్తే కథ అయిపోయినట్టే. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. 6 నెలల ముందు నుంచి తీసుకుంటారు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపించాలి. ఇది వీసా కోసం మాత్రమే. కొండల్లో పనికొచ్చే బీమా వేరు, దాని సంగతి తర్వాత.

బయట గడపాల్సిన రోజులను శిక్షలా చూడనక్కర్లేదు. టర్కీలో అంటాల్యా దగ్గరి గెయిక్‌బాయిరి చలికాలం క్లైంబింగ్‌కు పేరున్న చోటు. వాన పడ్డా వంపు తిరిగిన సున్నపురాయి గోడలు కొన్ని పొడిగానే ఉంటాయి. మొరాకోలో తోద్రా లోయ ఉంది. మంచు కావాలంటే 1984 ఒలింపిక్స్ జరిగిన సరయేవో పక్కన యాహోరినా, బ్యెలాష్నిత్సా ఉన్నాయి. సెర్బియాలో కొపావొనిక్, జార్జియాలో గుదావురి ఉన్నాయి. క్రొయేషియా 2023 జనవరి నుంచి, రొమేనియా, బల్గేరియా 2025 జనవరి నుంచి పూర్తిగా షెంగెన్‌లోకి వచ్చేశాయి. పాత సలహాలు చదివి వాటిని బయటి దేశాలుగా లెక్కవేసుకోవద్దు.

మనుషులకే కాదు, బండికీ గడువుంది. ఈయూ బయట రిజిస్టరైన వ్యాన్‌ను అక్కడ నివాసం లేనివాళ్లు సుంకం కట్టకుండా సాధారణంగా 6 నెలలే లోపల ఉంచుకోవచ్చు. టర్కీలో బండిని డ్రైవర్ పేరు మీద నమోదు చేస్తారు. దాన్ని అక్కడ వదిలి మనిషి విమానమెక్కుదామంటే సరిహద్దులో ఆపుతారు. అద్దె బండి అయితే ఏయే దేశాలకు అనుమతి ఉందో ఒప్పందంలో దేశం పేరుతో సహా రాసి ఉండాలి. టర్కీ, మొరాకో, బాల్కన్ దేశాలను మినహాయించే కంపెనీలు చాలా ఉన్నాయి. బీమా గ్రీన్ కార్డు (ఇతర దేశాల్లో బండి బీమా ఉందని చూపే పత్రం) మీద దేశం కోడ్ కొట్టేసి ఉంటే అక్కడ ఆ బీమా లేనట్టే.

2. ఏ నెలలో ఎక్కడ

రాతికీ మంచుకీ ఒకే ఊళ్లో ఒకే వారం మంచి రోజులు దొరకడం అరుదు. అందుకే ఒక చోటును కాకుండా ఒక జతను ఎంచుకోవాలి. పైన మంచు, కింద దక్షిణానికి తిరిగిన రాయి, మధ్య రెండు గంటలకు మించని దారి. ఇటలీలో గార్డా సరస్సు ఉత్తర కొసన ఉన్న ఆర్కో దీనికి మంచి నమూనా. సముద్రమట్టానికి 100 మీటర్లు కూడా లేని ఊరు. జనవరి మధ్యాహ్నం ఎండ తగిలే గోడల మీద ఎక్కవచ్చు. మడోన్నా ది కంపీల్యో స్కీ లిఫ్టులు గంటన్నర దూరం. లిగూరియా తీరాన ఫినాలె లీగురెకు పైన లిమోనె పియెమోంతె అలాంటి జతే. ఫ్రాన్స్‌లో బ్రియాన్సాన్ ఊళ్లోనే సెర్ షెవాలియే లిఫ్టు మొదలవుతుంది. అయితే ఊరే 1,300 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి అక్కడి రాయి వసంతానికి గాని వెచ్చబడదు.

నెలల వారీగా స్థూలంగా ఇలా ఉంటుంది. అక్టోబర్, నవంబర్: గ్రీసులో కాలిమ్నోస్, స్పెయిన్‌లో సియురానా, మర్గలెఫ్, ఫ్రాన్స్‌లో వెర్దాన్, ఫాంతెన్‌బ్లో. (ఫాంతెన్‌బ్లో ఇసుకరాయి తడిస్తే మెత్తబడి పట్లు ఊడిపోతాయి. వాన వెలిశాక ఆరేదాకా ముట్టుకోకూడదు.) డిసెంబర్, జనవరి: స్పెయిన్ దక్షిణాన ఎల్ చోర్రో, కోస్తా బ్లాంకా. జనవరి చివరి నుంచి మార్చి: ఆల్ప్స్ లిఫ్టులు. మార్చి చివరి నుంచి మే: స్కీ టూరింగ్, దాంతోపాటే కింది లోయల్లో రాయి. డోలొమైట్స్ పొడవాటి మల్టీ పిచ్‌లు (ఒక తాడు పొడవుకు మించి, దశలవారీగా ఎక్కే రూట్లు) జులై, సెప్టెంబర్ మధ్య సరుకు. వాటిని ఈ యాత్రలో ఇరికించవద్దు.

ఫ్రాన్స్ చలికాలపు బడి సెలవులు మూడు జోన్లుగా విడివిడిగా వస్తాయి. మొత్తం కలిపి ఫిబ్రవరి, మార్చిల్లో నాలుగు వారాలు. ఆ రోజుల్లో రిసార్టు పార్కింగులు ఉదయం 8 గంటలకే నిండుతాయి, పాసుల ధరలూ ఎక్కువ. ఆ వారాల్లో కిందికి దిగి రాయి ఎక్కడం మేలు. వసంతంలో రాబందులు, గద్దలు గూళ్లు పెట్టే గోడలు చాలాచోట్ల మూసేస్తారు. స్థానిక గైడ్‌బుక్కులో తేదీలుంటాయి. క్రాగ్ (ఎక్కే రాతి గోడ) కింద బోర్డు కనిపిస్తే అదే ఆఖరి మాట.

3. బండి, ఎత్తు, బరువు

మూడు నెలల లోపు యాత్రకు అద్దె మేలు. అంతకు మించితే సొంత బండి లెక్క కుదురుతుంది, కానీ ఈయూలో చిరునామా లేనివాళ్లకు బండి తమ పేర రిజిస్టర్ చేయించుకోవడం చాలా దేశాల్లో జరగని పని. "ఎవరి పేరునైనా పెట్టేద్దాం" అన్న ఉపాయం ప్రమాదం జరిగిన రోజు బీమా కంపెనీ దగ్గర నిలబడదు.

ఎత్తును సెంటీమీటర్లతో సహా కొలిచి డాష్‌బోర్డు మీద అతికించుకోండి. రూఫ్ వెంట్, స్కీ బాక్సు కలిపి కొలవాలి. ఫ్రాన్స్ మోటార్‌వే టోల్ 2 మీటర్ల లోపు ఒక తరగతి, 2 నుంచి 3 మీటర్లు రెండో తరగతి, 3 మీటర్లు దాటితే మూడోది. 2.76 మీటర్ల వ్యాన్ మీద 30 సెంటీమీటర్ల బాక్సు పెట్టినవాళ్లు ఊరికే మూడో తరగతిలో పడతారు. తీరప్రాంతాల్లో, కొన్ని క్రాగ్‌ల దగ్గర 2 మీటర్ల ఎత్తు అడ్డకడ్డీలుంటాయి. బాక్సులు పగిలేది ఎక్కువగా అక్కడే.

మామూలు కారు లైసెన్సుతో నడపగలిగేది 3,500 కిలోల దాకానే. ఆ పరిమితి దాటితే ఆస్ట్రియా, స్విట్జర్లాండ్‌లలో టోల్ పద్ధతే మారిపోతుంది. బరువు ఇలా తేలుతుంది. లోపల ఉండేలా మార్చిన పెద్ద వ్యాన్, డ్రైవర్ 75 కిలోలు, 90 శాతం డీజిల్ కలిపి 3,050 కిలోలు అనుకుందాం. మిగిలేది 450. రెండో మనిషి 75, నీళ్లు 100 లీటర్లు అంటే 100 కిలోలు, నిండు గ్యాస్ బండ 25, ఇద్దరి క్లైంబింగ్ సామాను 30, స్కీలూ బూట్లూ 35, తిండి 40, బట్టలూ పరుపులూ 40, చక్రాలకు కట్టే మంచు చైన్లూ, పారా, పనిముట్లూ 30. మొత్తం 375. మిగిలింది 75 కిలోలే. ఆనింగ్ (బండి పక్కకు తెరిచే నీడ గుడ్డ), సోలార్ ప్యానెల్, రెండో బ్యాటరీ కాగితాల్లో చూపిన బరువులో చాలాసార్లు ఉండవు. కాబట్టి సర్దిన బండిని వేబ్రిడ్జి ఎక్కించి, ముందు ఇరుసు, వెనక ఇరుసు విడివిడిగా తూచాలి. ముందు చక్రాలతో నడిచే వ్యాన్‌కు బరువంతా వెనక ఇరుసుకు అవతల, అంటే వెనక తలుపుల దగ్గర పెడితే ముందు చక్రాలు తేలికై మంచు ఎక్కుడులో గిర్రున తిరుగుతాయి తప్ప ముందుకు పోవు. నీళ్లు, తాళ్లు, లోహపు సామాను వీలైనంత మధ్యకు, నేలకు దగ్గరగా పెట్టాలి.

4. చలి రాత్రి లెక్క

ఈ లెక్క సరిగ్గా కుదిరితే మిగతాదంతా సర్దుకుంటుంది.

2 కిలోవాట్ల డీజిల్ హీటర్ ఒక వ్యాన్‌కు సరిపోతుంది. గంటకు 0.1 నుంచి 0.28 లీటర్లు తాగుతుంది. చలి రోజున 14 గంటలు సగటున 0.15 చొప్పున నడిస్తే సుమారు 2 లీటర్లు. దాని గొట్టం డీజిల్ ట్యాంకు అడుగుదాకా పోదు. సుమారు పావు ట్యాంకు దగ్గర ఆగుతుంది, బండి కదలకుండా పోకూడదని అలా పెడతారు. అర్ధరాత్రి హీటర్ ఆగిపోయి ఎర్రర్ కోడ్ చూపిస్తే ముందు చూడాల్సింది డీజిల్ ముల్లు. రెండో జబ్బు ఎత్తు. 1,500 మీటర్ల పైన గాలి పలచబడి ఇంధనం పూర్తిగా కాలదు, లోపల మసి పేరుకుంటుంది. కొద్దిరోజులకు తెల్లపొగ, ఆపైన అసలు వెలగకపోవడం. ఎత్తును బట్టి సర్దుకునే మోడలో, ఆల్టిట్యూడ్ కిట్టో ఉందని అద్దెవాళ్లను అడిగి తెలుసుకోవాలి. సన్నని సెగ మీద రోజంతా నడపడం కన్నా వారానికోసారి అరగంట పూర్తి వేడి మీద నడిపితే మసి కాలిపోతుంది.

గ్యాస్ హీటరైతే చలిలో రోజుకు 2, 3 కిలోలు పోతుంది. 11 కిలోల బండ నాలుగైదు రోజులకు మించదు. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరవడం మానేస్తుంది. ప్రొపేన్ మైనస్ 42 దాకా పనిచేస్తుంది. కాబట్టి చలికాలం ప్రొపేనే. బండ సగం నిండుగా ఉన్నా మంట రావట్లేదంటే అందులో మిగిలింది బ్యూటేన్ అన్నమాట. పైగా దేశానికో రకం బండ, దేశానికో రకం రెగ్యులేటర్. ఒక దేశం ఖాళీ బండను ఇంకో దేశంలో మార్చరు. దీర్ఘయాత్రకు పంపు దగ్గర నింపుకునే ట్యాంకు, దాంతో నాలుగు రకాల ఎల్పీజీ అడాప్టర్ల సెట్టు ఉంటే ఈ గొడవ తీరుతుంది.

చెమ్మ. ఒక కిలో ప్రొపేన్ కాలితే సుమారు 1.6 కిలోల నీటి ఆవిరి పుడుతుంది. పొయ్యి మీద వండితే అదంతా వ్యాన్ లోపలికే. దానికి ఇద్దరి ఊపిరి, తడి జాకెట్లు, స్కీ బూట్ల లైనర్లు (లోపలి మెత్తని తొడుగులు) తోడు. ఈ ఆవిరి వెళ్లి చల్లని రేకు మీద నీరై కూర్చుంటుంది. అద్దాల మీది నీళ్లు కనిపిస్తాయి, తుడిచేస్తాం. కనిపించనిది పరుపు అడుగు. ఒంటి వేడి, చెమట దిగి చల్లని పలకను తాకి అక్కడే నీరవుతుంది. మూడు వారాలకు పరుపు ఎత్తి చూస్తే నల్ల మచ్చలు. పరుపు కింద చెక్క పట్టీలో, గాలి ఆడే ప్లాస్టిక్ జాలో తప్పనిసరి. పగలు పరుపు నిలబెట్టాలి. రూఫ్ వెంట్ రెండు వేళ్ల సందు ఎప్పుడూ తెరిచే ఉంచాలి. వెచ్చదనం పోతుందని మూసేస్తే తడి పెరిగి ఇంకా చలేస్తుంది. ముందు అద్దాలకు లోపల పెట్టే మ్యాట్ల కన్నా బయట తొడిగే కవరు మేలు, అద్దం మీద నీరు పట్టదు.

కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకుండా ఒక్క రాత్రి కూడా పడుకోవద్దు. రాత్రి మంచు కురిస్తే హీటర్ పొగ గొట్టం పూడుకుపోవచ్చు. అది వ్యాన్ అడుగున, పడమర గాలికి మంచు మేట వేసే పక్కనే ఉంటే ఇంకా ప్రమాదం. పడుకునే ముందు, లేచాక పారతో ఆ పక్క తీసేయాలి.

కరెంటు లెక్క 12 వోల్టుల మీద ఇలా వస్తుంది: హీటర్ ఫ్యాను, పంపు 25 యాంపియర్ అవర్లు, చలిలో ఫ్రిజ్ 15, ఫోన్లూ ల్యాప్‌టాపూ 20, లైట్లూ నీళ్ల పంపూ 5. రోజుకు 65. 200 యాంపియర్ అవర్ల లిథియం బ్యాటరీ కదలకుండా మూడు రోజులు లాగుతుంది, అంతే. 45 డిగ్రీల అక్షాంశం మీద డిసెంబర్ చివర మధ్యాహ్న సూర్యుడు 22 డిగ్రీలకు మించి లేవడు. పైకప్పు మీద పడుకోబెట్టిన ప్యానెల్, దాని మీద మంచు. దాన్ని నమ్ముకోవద్దు. 30 యాంపియర్ల డీసీ-డీసీ చార్జర్ (ఇంజిన్ నడుస్తుండగా ఈ బ్యాటరీని నింపేది) ఉంటే గంట డ్రైవింగ్‌కు సుమారు 30 వస్తుంది. స్కీ వారంలో బండి కదలదు కాబట్టి మూడో రాత్రి కరెంటు పాయింటున్న చోట బస రాసి పెట్టుకోండి.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని సున్నా డిగ్రీల లోపు చార్జ్ చేస్తే శాశ్వతంగా దెబ్బతింటుంది. మంచి బ్యాటరీ తనంతట తానే చార్జింగ్ ఆపేస్తుంది. దాన్ని చూసి చెడిపోయిందనుకుంటారు. బ్యాటరీ లోపలి గదిలో, హీటర్ వెచ్చదనం తగిలేచోట ఉండాలి.

నీళ్ల ట్యాంకు కూడా లోపలే ఉండాలి. బండి కింద వేలాడే ట్యాంకు మైనస్ 5 రాత్రులు రెండు దాటితే గడ్డే. వాడేసిన నీటి ట్యాంకు కుళాయి తెరిచి ఉంచి కింద బకెట్ పెట్టండి. ఉదయానికి గడ్డకట్టేది బకెట్, పగిలేది ట్యాంకు కాదు. ఇన్‌బిల్ట్ బాయిలర్లలో 3 డిగ్రీల దగ్గర దానంతటదే తెరుచుకుని నీళ్లు వదిలేసే వాల్వు ఉంటుంది. షామొనీ నుంచి జెర్మాట్ వరకు ఓట్ రూట్ లాంటి ఆరేడు రోజుల స్కీ టూర్‌కు బండిని వదిలి వెళ్లేటప్పుడు మొత్తం నీళ్లు దింపేసి, కుళాయిలన్నీ తెరిచి, పంపును ఒకసారి ఉత్తినే తిప్పి వెళ్లాలి.

5. మంచు రోడ్డు

చలికాలపు టైరు నిబంధన దేశానికొకటి. ఇటలీలో చాలా రోడ్ల మీద నవంబర్ 15 నుంచి ఏప్రిల్ 15 దాకా చలికాలపు టైర్లో, బండిలో చైన్లో ఉండాలి. ఆస్ట్రియాలో నవంబర్ 1 నుంచి ఏప్రిల్ 15 దాకా మంచు పరిస్థితి ఉన్నప్పుడు చలికాలపు టైర్లు. అరుగుదల 4 మిల్లీమీటర్ల లోపుకు వస్తే వాటిని చలికాలపు టైర్లుగా లెక్కించరు. ఫ్రాన్స్ కొండ ప్రాంతాల్లో నవంబర్ 1 నుంచి మార్చి 31. ఫ్రాన్స్, జర్మనీలలో 2024 నుంచి ఒట్టి ఎం ప్లస్ ఎస్ (బురద, మంచు అని సూచించే) అక్షరాలు చెల్లవు. మూడు శిఖరాల మధ్య మంచు స్ఫటికం గుర్తు టైరు మీద ఉండాలి. అద్దె బండి తీసుకునేటప్పుడు నాలుగు టైర్ల మీదా గుర్తు మీ కళ్లతో చూడండి.

చైన్లు టైరు సైజుకు సరిపోవాలి, చక్రానికీ సస్పెన్షన్‌కూ మధ్య వాటికి చోటుండాలి. కొన్ని వ్యాన్లకు మామూలు చైన్లు తగిలి బ్రేకు గొట్టం తెగుతుంది. ఇంటి దగ్గర పొడి నేల మీద రెండుసార్లు వేసి చూడాలి. క్రమం ఇది:

- చదునైన చోట, ఎక్కుడు మొదలయ్యే ముందే ఆపండి. మధ్యలో ఇరుక్కున్నాక వేయడం పది రెట్లు కష్టం.
- చిక్కు విప్పి చైన్‌ను మంచు మీద పరిచి చూడండి. మెలిక ఉంటే చక్రం మీద కుదరదు.
- వంగే తీగను చక్రం వెనక నుంచి దూర్చి, రెండు కొసలూ పైకి తెచ్చి కలపండి. దాన్ని వెనక్కి నెట్టండి.
- ముందు పక్క కొక్కెం తగిలించి, బిగింపు గొలుసు లాగి కట్టండి.
- 50 మీటర్లు నడిపి ఆపి మళ్లీ బిగించండి. ఈ మెట్టు వదిలేసినవాళ్ల చైన్లే ఊడి మడ్‌గార్డును చీలుస్తాయి.

చైన్లు నడిపే చక్రాలకే వేయాలి, వేగం గంటకు 50 కిలోమీటర్లు దాటకూడదు. రబ్బరు చేతిగ్లవ్స్, హెడ్‌ల్యాంపు, మోకాళ్ల కింద వేసుకోను పాత చాప చైన్ల సంచిలోనే ఉంచండి.

వెచ్చని తీరంలో నింపిన డీజిల్‌తో రాత్రికి 1,800 మీటర్లకు ఎక్కేస్తే తెల్లారేసరికి అందులో మైనం గడ్డకట్టి ఫిల్టర్ మూసుకుపోతుంది. ఇంజిన్ తిరుగుతుంది, అంటుకోదు. కొండ అడుగున ఉన్న ఊళ్లో, ట్యాంకు సగం పైన ఖాళీగా ఉండగా నింపండి. అక్కడ అమ్మేది చలికాలపు డీజిల్. ఆధునిక ఇంజిన్లలో పెట్రోలు కలిపే పాత చిట్కా పంపును పాడుచేస్తుంది. యాడ్‌బ్లూ (డీజిల్ పొగను శుద్ధి చేయడానికి పోసే ద్రవం) మైనస్ 11 దగ్గర గడ్డకట్టి వ్యాకోచిస్తుంది కాబట్టి అంచుదాకా పోయవద్దు.

గాలిబియే, స్టెల్వియో లాంటి ఎత్తు కనుమలు చలికాలమంతా మూసే ఉంటాయి. నావిగేషన్ యాప్ మాత్రం ధైర్యంగా అటే పొమ్మంటుంది. సొరంగాలకు టోల్ ఉంటుంది, మరమ్మతులకు మూసే రోజులూ ఉంటాయి. బయలుదేరే ముందు ఆ సొరంగం వెబ్‌సైటు చూడాలి. ఆస్ట్రియా, స్లొవేనియా, స్విట్జర్లాండ్ మోటార్‌వేలకు విన్యెట్ (కొంత కాలానికి కట్టే రోడ్డు రుసుము) ముందే కొనుక్కోవాలి.

రాత్రి ఆపేటప్పుడు ముక్కు దారివైపు పెట్టి, గేరులో వదిలి, చక్రాలకు దిమ్మలు పెట్టండి. తడి బ్రేకుల మీద హ్యాండ్‌బ్రేక్ లాగి ఉంచితే ఉదయం అంటుకుపోయి రాదు.

6. సామాను

యూరప్ కొత్త స్పోర్ట్ రూట్లకు (గోడకు ముందే బోల్టులు బిగించిన దారులు) 80 మీటర్ల సింగిల్ తాడు, 18 నుంచి 20 క్విక్‌డ్రాలు (తాడును బోల్టుకు తగిలించే కొక్కేల జతలు), హెల్మెట్. 70 మీటర్ల తాడు ఉంటే గైడ్‌బుక్కులో పొడవు చూసుకుంటూ ఎక్కవచ్చు. ఏ తాడైనా కొసన ముడి మాత్రం ప్రతిసారీ వేయాలి. కిందికి దించుతుంటే తాడు చాలక పడేవాళ్ల ప్రమాదాలన్నీ ఆ ముడి లేకనే.

వ్యాన్‌లో తాడుకు అసలు శత్రువు బ్యాటరీ. యాసిడ్ ఆవిరి నైలాన్‌ను పైకి కనిపించకుండా తినేస్తుంది. తాడు, హార్నెస్, స్లింగులు ఉన్న అరలో లెడ్ యాసిడ్ బ్యాటరీ, డీజిల్ డబ్బా, క్లీనర్ సీసా ఏదీ ఉండకూడదు. స్కీ అంచులు కత్తుల్లాంటివి. వాటిని సంచిలో పెట్టి తాళ్లకు దూరంగా ఉంచాలి, తుడవకుండా సంచిలో పెడితే తుప్పు పడతాయి. లైనర్లు బూట్లలోంచి తీసి హీటర్ గాలి వచ్చే గొట్టం దగ్గర ఆరబెట్టండి. టూరింగ్ స్కిన్లను (కొండెక్కేటప్పుడు స్కీ అడుగున అంటించే పట్టీలు) మాత్రం వేడి దగ్గర ఆరబెట్టవద్దు, జిగురు కరిగిపోతుంది.

పిస్ట్ (రిసార్టు సిద్ధం చేసిన స్కీ దారి) దాటి వెళ్లాలంటే మూడు యాంటెన్నాల ట్రాన్సీవర్ (మంచు కింద చిక్కినవాళ్లను కనిపెట్టే రేడియో పరికరం), 240 సెంటీమీటర్లకు తగ్గని ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే కడ్డీ), లోహపు పార. ముగ్గురుంటే మూడు సెట్లు. ఫోన్, హీటెడ్ గ్లవ్స్ లాంటివి ట్రాన్సీవర్‌కు 20 సెంటీమీటర్ల దూరంలో, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. క్లైంబింగ్ నెలల్లో దాని బ్యాటరీలు తీసి పక్కన పెట్టండి. లోపలే ఉంచితే కారిపోయి, మళ్లీ మంచుకు ఎక్కేనాటికి పనిచేయదు.

మంచు చరియల బులెటిన్‌లో అంకె ఒక్కటే చూసి ఊరుకోకండి. ఎంత ఎత్తు పైన, ఏ దిక్కు వాలు మీద, గాలి మోసిన మంచా, పాత బలహీన పొరా అన్నది చదవాలి. 5లో 3 అంటే మధ్యస్థం అనుకుంటారు. ఎక్కువ మరణాలు జరిగేది ఆ 3 రోజుల్లోనే. 30 డిగ్రీలు దాటిన వాలు ఎక్కడెక్కడుందో మ్యాపులో రంగులతో చూపించే పొర ఉంటుంది, దాన్ని ఆన్ చేసి దారి గీయాలి. స్విట్జర్లాండ్‌కు దావోస్‌లోని ఎస్‌ఎల్‌ఎఫ్ (మంచు, చరియల పరిశోధన సంస్థ), ఫ్రాన్స్‌కు మెటెయో ఫ్రాన్స్ (వాతావరణ సంస్థ) ఈ బులెటిన్లు ఇస్తాయి. ఆస్ట్రియాలోని టిరోల్, ఇటలీలోని దక్షిణ టిరోల్, ట్రెంటినోలకు కలిపి ఒకే బులెటిన్ వస్తుంది.

7. బీమా

మామూలు ప్రయాణ బీమాలో మూడు చోట్ల గండి పడుతుంది. ఒకటి, ఏడాది పాలసీలు కూడా ఒక్కో ప్రయాణానికి 31 రోజులనో ఎన్నోనో గరిష్ఠం పెడతాయి. రెండు, "గైడ్ లేకుండా ఆఫ్ పిస్ట్" మినహాయింపు. మూడు, "తాళ్లు వాడే క్లైంబింగ్" మినహాయింపు. ఈ మూడింటికీ రాతపూర్వకంగా అవును తెచ్చుకోండి. ఫ్రాన్స్‌లో రిసార్టు హద్దు బయట కొండ మీద ప్రభుత్వ రెస్క్యూ బాధితుడి దగ్గర డబ్బు తీసుకోదు, హద్దు లోపలైతే బిల్లు వస్తుంది. ఆస్ట్రియా, స్విట్జర్లాండ్‌లలో హెలికాప్టర్‌కు బిల్లు తప్పదు. ఇటలీ పిస్టుల మీద స్కీ చేసేవాళ్లకు 2022 నుంచి ఇతరులకు నష్టం కలిగిస్తే చెల్లించే బీమా తప్పనిసరి. అత్యవసరానికి ఈయూ దేశాలన్నిటా 112. స్విట్జర్లాండ్‌లో రేగా (హెలికాప్టర్ రెస్క్యూ సంస్థ) 1414, ఆస్ట్రియా కొండ రెస్క్యూ 140.

8. రాత్రి బస, డబ్బు

బండి ఆపుకోవడం వేరు, క్యాంపింగ్ వేరు. గీతల మధ్య ఆపి, బయట ఏమీ పెట్టకుండా లోపల నిద్రపోతే చాలాచోట్ల అది పార్కింగే. కుర్చీ బయటికొచ్చినా, ఆనింగ్ తెరిచినా క్యాంపింగ్. క్రొయేషియా, టిరోల్‌లలో లోపల నిద్రపోయినా ఊరుకోరు. ఫ్రాన్స్‌లో ఏర్, జర్మనీ, ఆస్ట్రియాల్లో ష్టెల్‌ప్లాట్జ్, ఇటలీలో ఆరెయా ది సోస్తా పేర్లతో వ్యాన్లకు కేటాయించిన చోట్లుంటాయి. స్కీ రిసార్టుల్లో ఇవి కరెంటుతో సహా దొరుకుతాయి. క్రాగ్ పార్కింగ్‌లో పడుకోవద్దు. టాయిలెట్ లేని చోట నెలకు వంద వ్యాన్లు ఆగితే ఆ ఊరివాళ్లు గోడనే మూయించేస్తారు.

ఖర్చులో పెద్ద ముక్క డీజిల్ అనుకుంటారు. వందకు 11 లీటర్ల చొప్పున 8,000 కిలోమీటర్లకు 880 లీటర్లు. దానికన్నా లిఫ్టు పాసులు ముంచుతాయి. పెద్ద రిసార్టుల్లో రోజుకు 60 నుంచి 80 యూరోలు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. 25 రోజుల స్కీకి ఒక్కొక్కరికి 1,500 దాటుతుంది. వారంలో రెండు రోజులు లిఫ్టు, రెండు రోజులు స్కిన్లతో సొంత కాళ్ల మీద, మిగతావి రాయి అనుకుంటే ఆ లెక్క సగానికి వస్తుంది.

9. బయలుదేరే ముందు, తిరిగొచ్చాక

పూర్తిగా సర్దిన బండిలో రెండు రాత్రులు చలిలో పడుకుని చూడండి, కరెంటు తగిలించకుండా. హీటర్ రాత్రంతా నడిపించి ఉదయం బ్యాటరీ ఎంత మిగిలిందో రాసుకోండి. మొదటి వారం ఎండ ప్రాంతంలో, పెద్ద ఊరికి దగ్గరగా పెట్టుకుంటే కారే కుళాయి, ఊగే అర లాంటివి సులువుగా బాగవుతాయి.

నెలకోసారి బండి అడుగున ఉప్పు కడిగించాలి. కొండ రోడ్ల ఉప్పు బ్రేకు గొట్టాలను, హీటర్ పొగ గొట్టం క్లిప్పులను తినేస్తుంది. అద్దె బండి తిరిగిచ్చేటప్పుడు అడుగు భాగం, పైకప్పు, టైర్లు తరచూ బీమాలో ఉండవు కాబట్టి తీసుకున్న రోజే ఆ మూడింటి ఫొటోలు తేదీతో తీసి పెట్టుకోండి. చైన్లు మంచినీళ్లతో కడిగి, ఎండబెట్టి, సన్నగా నూనె రాసి సంచిలో పెట్టండి.